బండ్లు పెట్టి బాగుచేసుకున్న చోటు నుంచి మమ్మల్ని పంపేయవచ్చా?

సందేహం: ఫ్లైఓవర్ కింద చెత్త పోసే ఖాళీ జాగాను ఇరవై మందిమి శుభ్రం చేసుకుని, ఆరేళ్లుగా టిఫిన్ బండ్లు నడుపుకుంటున్నాం. ఇప్పుడు అక్కడ ఫుడ్ స్ట్రీట్ కడతామని, కాంట్రాక్టరుకు ఇచ్చేశామని, పది రోజుల్లో ఖాళీ చేయమని మున్సిపాలిటీ వాళ్లు నోటిమాటగా చెప్పారు. మా దగ్గర మున్సిపాలిటీకి కట్టిన తైబజారు రుసుము రశీదులు తప్ప వేరే కాగితం లేదు. మాకేమైనా హక్కుందా?

జవాబు: ఎన్నేళ్లు బండి పెట్టినా ఆ జాగా మీ సొంతం కాదు. కానీ బతుకుతెరువుకు రక్షణ ఉంది. వీధి వ్యాపారం, వృత్తి, వ్యాపార స్వేచ్ఛనిచ్చే రాజ్యాంగం 19(1)(జి) అధికరణం కిందకు వచ్చే హక్కేనని సుప్రీంకోర్టు 1989లో సోదన్ సింగ్ కేసులో చెప్పింది. ఆపైన 2014లో వీధి విక్రయదారుల చట్టం వచ్చింది.

మీకు పనికొచ్చేది అందులోని సెక్షన్ 3. వీధి వ్యాపారుల సర్వే పూర్తయి, అందరికీ వెండింగ్ సర్టిఫికెట్లు (వీధిలో అమ్ముకునే అనుమతి పత్రాలు) ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు, వేరే చోటికి మార్చకూడదు. కాబట్టి మీ ఊళ్లో సర్వే జరిగిందా, అందులో మీ పేర్లున్నాయా అన్నది సమాచార హక్కు దరఖాస్తు పెట్టి వెంటనే తెలుసుకోండి. సర్టిఫికెట్ ఉన్నవాళ్లను కదపాలన్నా 30 రోజుల నోటీసు ఇవ్వాలి. పది రోజుల నోటిమాట చెల్లదు.

ఆ రశీదులను తక్కువగా చూడకండి. మీరు అక్కడ ఉన్నారని మున్సిపాలిటీయే రాసిచ్చిన రుజువు అవి. పాత ఫొటోలు కూడా జతచేసి, ఇరవై మందీ కలిసి, వీధి వ్యాపారాల వ్యవహారాలు చూసే టౌన్ వెండింగ్ కమిటీకి అర్జీ ఇచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకోండి. ఆ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి. ఆ చోటును సహజ మార్కెట్‌గా (ఏళ్లుగా అమ్మేవాళ్లు, కొనేవాళ్లు చేరే చోటుగా) గుర్తించాలని, ఫుడ్ స్ట్రీట్ కడితే అందులో ముందు మీకే చోటివ్వాలని అడగండి. ఎవరూ తొంగిచూడని చోటికి జనాన్ని రప్పించింది మీరు, ఇలా అడగడం న్యాయమే.

ఈలోగా సామాను పట్టుకెళ్తే జాబితా రాయించుకోండి. పాడయ్యే సరుకును అడిగిన రోజే, మిగతాది రెండు పనిదినాల్లో తిరిగివ్వాలి. ఆహార భద్రత రిజిస్ట్రేషన్ లేకపోతే వెంటనే చేయించుకోండి, వంక పెట్టడానికి మొదట దొరికేది అదే.

ఒకటి మాత్రం చూసుకోవాలి. ఆ జాగా రైల్వేదైతే ఈ చట్టం వర్తించదు, దారి వేరు. మున్సిపాలిటీదే అయితే, బలవంతంగా తొలగించే సూచన కనిపించగానే మీ హక్కును కాపాడమని హైకోర్టులో రిట్ పిటిషన్ వేయండి. బండ్లు తీసేసేదాకా ఆగొద్దు.