సాయంత్రం అయిదు గంటల ఆకలికి గింజలు, కూరగాయలు

మల్లేశ్వరం,
బెంగళూరు.

చి. ల. సౌ. అమ్మాయికి,

పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది. అల్లుడుగారి మూడు నెలల సగటు చక్కెర పరీక్షలో 6.1 శాతం వచ్చిందనీ, అన్నం తగ్గించి భోజనం సంగతి ఎలాగో సర్దుకున్నా సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే వేసే ఆకలికీ, ఆదివారం నాటి తీపికీ ఏమి చేసి పెట్టాలో తోచడం లేదనీ ఫోనులో చెప్పావు. 5.7 నుంచి 6.4 వరకు ఉంటే మధుమేహానికి ముందు దశ అంటారు కనుక ఇప్పుడే జాగ్రత్తపడటం మంచిదే. మీ పెదనాన్నగారికీ నాకూ పదకొండేళ్ళుగా ఇదే వ్యవహారం. నేను చెబుతూ ఉండగా నీవు పాలు పొంగుతున్నాయని మధ్యలో ఫోను పెట్టేస్తావు కాబట్టి తీరికగా వ్రాస్తున్నాను.

నాకు చాలా ఆలస్యంగా తెలిసిన సంగతి ముందు చెబుతాను. మన చిరుతిళ్ళలో పిండీ బెల్లమూ రుచికి ఎంత అవసరమో, పట్టుకు అంతకంటే ఎక్కువ అవసరం. చెక్కలను బియ్యప్పిండీ, పకోడీలను శనగపిండీ, ఉండలను పాకమూ పట్టి ఉంచుతాయి. వాటిని తీసివేయగానే మిగిలినదంతా పొడిపొడిగా రాలిపోతుంది. అందుకే చాలామంది రెండు వారాలు ప్రయత్నించి, విసిగి, మళ్ళీ బేకరీ ఖారా బన్నుకు తిరిగి వెళతారు. పిండి పదార్థం తక్కువగా ఉండే వంటలో అసలు నేర్చుకోవలసింది ఈ పట్టును వేరే చోటు నుంచి తెచ్చుకోవడమే.

ఆ పని చేసే గింజల్లో మొదటిది అవిసె. 100 గ్రాముల అవిసె గింజల్లో పిండి పదార్థం సుమారు 29 గ్రాములు ఉంటే అందులో 27 గ్రాముల వరకు పీచే కనుక, రక్తంలో చక్కెరగా మారేది నామమాత్రం. నీళ్ళు తగలగానే దాని పైపొర జిగురు విడుస్తుంది. ఆ జిగురే మనకు పిండి. అయితే గింజను అలాగే మింగితే అరగకుండా వెళ్ళిపోతుంది కాబట్టి దోరగా వేయించి పొడి చేయాలి. పొడి చేసిన తరువాత దానిలోని నూనె త్వరగా చెడి చేదెక్కుతుంది కాబట్టి వారానికి సరిపడా మాత్రమే కొట్టుకుని ఫ్రిజ్‌లో ఉంచుకో. ఇక్కడి గ్రంథిగె అంగడిలో, అంటే మూలికలు, పూజా సామాను అమ్మే దుకాణంలో, అగసె అని అడిగితే ఇస్తారు. సబ్జా కావాలంటే కామకస్తూరి అనాలి. నేను మొదటి ఏడాదంతా సబ్జా, సబ్జా అని అడిగి ఖాళీ చేతులతో తిరిగి వచ్చాను.

ఇక గింజల చెక్కలు. గుమ్మడి పప్పు, పొద్దుతిరుగుడు పప్పు, నువ్వులు ఒక్కొక్కటి అరకప్పు తీసుకుని, పావు కప్పు అవిసె పొడి, పావు కప్పు చియా, ఉప్పు, కారం, జీలకర్ర, సన్నగా తరిగిన కరివేపాకు కలిపి, ఒక కప్పు నీళ్ళు పోసి అరగంట కదపకుండా వదిలేయాలి. ఈ అరగంట దగ్గరే అందరూ తప్పు చేస్తారు. మొదటిసారి నేను అయిదు నిమిషాలకే తొందరపడి పరిచేశాను. ఓవెన్‌లోంచి బయటకు వచ్చినది చెక్క కాదు, పక్షులకు వేసే గింజల మేత. మిశ్రమం గరిటెకు ముద్దగా అంటుకునేదాకా ఆగి, కాగితం మీద చెక్క మందాన పలుచగా పరచి, చాకుతో గళ్ళు గీసి, 150 డిగ్రీల వేడిలో అరగంట, తిరగవేసి మరో ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు ఉంచితే కరకరలాడతాయి. ఓవెన్ లేకపోతే దోసె పెనం మీద సన్నని సెగన రెండు వైపులా కాల్చవచ్చు, కాని చిన్న చిన్నవిగా చేసుకోవాలి. పూర్తిగా చల్లారకముందు డబ్బాలో వేస్తే మెత్తబడతాయి.

కూరగాయలతో చేసే వాటిలో మా ఇంట్లో ఎక్కువగా నడిచేది సొరకాయ పొంగనాలు. తురిమిన సొరకాయకు ఉప్పు కలిపి పది నిమిషాలు ఉంచితే నీళ్ళు ఊరతాయి. ఆ నీటిని గట్టిగా పిండి చారులో పోసుకో. రెండు కప్పుల తురుముకు ఒక కప్పు పనీర్ తురుము, మూడు చెంచాల అవిసె పొడి, రెండు చెంచాల నువ్వుల పొడి, అల్లం, పచ్చిమిర్చి, కొత్తిమీర కలిపి పావుగంట ఆగి, ఇక్కడివాళ్ళు పడ్డు పెనం అనే మన గుంతపొంగనాల పెనంలో మూతపెట్టి సన్నని సెగన కాల్చాలి. మీరు కోడిగుడ్డు తింటారు కదా, ఒక గుడ్డు కొట్టి కలిపితే ఇంకా బాగా నిలబడతాయి. తరిగే ముందు సొరకాయ ముక్కను నాలుక మీద పెట్టి చూడడం మాత్రం మరిచిపోకు. చేదుగా ఉంటే కాయ మొత్తం పారేయాలి. ఆ చేదు విషపదార్థం వల్ల వచ్చినది, వండినా పోదు, వాంతులు, విరేచనాలు అవుతాయి.

బెంగళూరు వంకాయను కూడా అలవాటు చేసుకో. మనవాళ్ళు దానికి ఈ ఊరి పేరు పెట్టుకున్నారు గాని, ఈ ఊరివాళ్ళు సీమె బదనె అని పిలిచి దానిని సీమకే అంటగట్టారు. అసలు పుట్టిల్లు మెక్సికో. 100 గ్రాములకు పిండి పదార్థం నాలుగైదు గ్రాములే. బిళ్ళలుగా తరిగి, కొంచెం నూనె రాసి పెనం మీద కాల్చి, పైన అవిసె కారప్పొడి చల్లి పెట్టు. పని ఎక్కువగా ఉన్న రోజున ఇక్కడి కోసంబరి చాలు: దోసకాయ ముక్కల్లో నానబెట్టిన పెసరపప్పుకు బదులు వేయించిన గుమ్మడి పప్పు వేసి, కొబ్బరి, నిమ్మరసం, ఆవాల పోపు. అదీ కుదరకపోతే కాంగ్రెస్ కడలెకాయి ఉండనే ఉంది. అది వేరుశనగ బద్దే కనుక పరవాలేదు, అయితే కొనే ముందు పొట్లం మీద చక్కెర కలిపారేమో చదువు.

తీపి దగ్గర నా అభిప్రాయం కొంచెం కఠినం. బెల్లం, తాటిబెల్లం, తేనె చక్కెర కంటే మంచివని ఎవరు చెప్పినా నమ్మకు. ఈ లెక్కలో అన్నీ ఒకే కుటుంబం. ఒకసారి ఒక మిఠాయి దుకాణంలో చక్కెర లేని లడ్డూలని తెచ్చుకుని, మీ పెదనాన్నగారు సంతోషంగా నాలుగు తిన్నారు. రాత్రంతా కడుపు ఉబ్బరం, పొద్దున పరీక్షలో చక్కెర ఎక్కువ. డబ్బా అడుగున చిన్న అక్షరాల్లో మాల్టిటాల్ అని, పంచదారకు బదులు వేసే తీపి పేరు, ఉంది. అది పంచదారంత కాకపోయినా రక్తంలో చక్కెరను పెంచుతుంది, ఎక్కువైతే పొట్టను కూడా చెడగొడుతుంది. అలాంటిదే ఎరిథ్రిటాల్ అనే మరో తీపి పొడి నయం, పంచదార తీపిలో సుమారు 70 శాతం ఉంటుంది, చక్కెరను దాదాపు పెంచదు. స్టీవియా రెండు చుక్కలు ఎక్కువైనా చేదే. ఇవి వాడినా వారానికి ఒకటి రెండుసార్లకు మించకుండా, నాలుకకు తీపి తగ్గించుకుంటూ పోవడమే మా ఇంటి పద్ధతి.

ఇక్కడి పెళ్ళిళ్ళలో వడ్డించే కాశీ హల్వా బూడిద గుమ్మడికాయతో చేసేదే, ఆ కాయలో పిండి పదార్థం 100 గ్రాములకు మూడు గ్రాములే. తంటా అంతా పంచదారతో. అరకిలో తురుములోని నీటిని పిండేసి, రెండు చెంచాల నేతిలో వేసి, దాని తడి ఇగిరేదాకా ఉడికించి, ఎరిథ్రిటాల్ మూడు నాలుగు చెంచాలు, యాలకుల పొడి, కుంకుమ పువ్వు వేసి, పైన వేయించిన పుచ్చగింజల పప్పు చల్లు. వేడిగా ఉండగానే తినండి. చల్లారితే ఎరిథ్రిటాల్ గడ్డకట్టి పంటికింద ఇసుకలా తగులుతుంది. క్యారెట్ హల్వా గురించి నీవు అడిగావు. క్యారెట్లో 100 గ్రాములకు పది గ్రాముల లోపే ఉంటుంది, అప్పుడప్పుడు చేసుకోవచ్చు, అందులో వేసే పంచదారా కోవాలే అసలు చిక్కు.

నువ్వుల ఉండలకు పాకం లేకుండా పట్టు ఎలాగని అనుకుంటావు. మన నాగులచవితి చిమ్మిలి గుర్తు తెచ్చుకో. నువ్వులను దంచుతూ పోతే వాటి నూనె వాటినే ముద్ద చేస్తుంది. ఒక కప్పు వేయించిన నువ్వులకు అరకప్పు ఎండుకొబ్బరి, 20 గ్రాముల గింజ తీసిన ఖర్జూరం చేర్చి, రోట్లో గాని, మిక్సీలో ఆగి ఆగి తిప్పుతూ గాని నూనె పైకి తేలేదాకా నలిపితే పన్నెండు ఉండలు వస్తాయి. ఉండకు పీచు పోను పిండి పదార్థం మూడు గ్రాములకు అటూ ఇటూగా ఉంటుంది. సంక్రాంతికి మా పక్కింటివారు ఎళ్ళు బెల్లం, అంటే నువ్వులూ బెల్లమూ కలిపినది, పంచినప్పుడు నేను వాళ్ళకు ఇవి ఇస్తాను. బెల్లం ఏదని పక్కింటావిడ ప్రతి సంవత్సరం అడుగుతుంది.

పాయసం కావాలన్న రోజున ఒక కప్పు కొబ్బరి పాలలో మూడు చెంచాల చియా కలిపి, పది నిమిషాల తరువాత ఉండలు కట్టకుండా మరోసారి కలిపి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచు. చియాను పొడిగా మాత్రం నోట్లో వేసుకోకూడదు, గొంతులో ఉబ్బి అడ్డుపడుతుంది. సబ్జా చియాలా గడ్డకట్టి పాయసం కాదు, నానబెట్టి తాగడానికే బాగుంటుంది.

మూడు హెచ్చరికలు. గింజలకు పిండి పదార్థం తక్కువ గాని బలం ఎక్కువ. పిడికెడంటే 30 గ్రాములు, అంటే సుమారు 170 క్యాలరీలు. టీవీ ముందు డబ్బా పెట్టుకుని తింటే పిడికెళ్ళ లెక్క ఉండదు కాబట్టి చిన్న గిన్నెలో కొలిచి ఇవ్వు. అల్లుడుగారికి ఇప్పుడు మందులు లేవు కాని, తరువాత ఎప్పుడైనా గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గాని ఇన్సులిన్ గాని మొదలుపెడితే, ఇలా పిండి పదార్థం తగ్గించి తింటున్నామని డాక్టరుకు ముందే చెప్పాలి. లేకపోతే చక్కెర మరీ పడిపోవచ్చు. మీ మామగారికి మూత్రపిండాల ఇబ్బంది ఉందన్నావు కాబట్టి, పొటాషియం, భాస్వరం ఎక్కువగా ఉండే ఈ గింజలను వారికి డాక్టరును అడగకుండా పెట్టకు.

ఈ ఉత్తరంతో పాటు డబ్బాలో కొన్ని చెక్కలు, ఆరు ఉండలు పంపుతున్నాను. అడుగున ఉన్న చిన్న పొట్లం అవిసె పొడి, అందగానే ఫ్రిజ్‌లో పెట్టు. డబ్బా స్టీలుది, నాకు తిరిగి కావాలి.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ