వైడూర్యం అంటే అసలు ఏ రాయి?

వైడూర్యమంటే పిల్లికన్ను రాయని ఒకరు, పచ్చల జాతి బెరిల్ అని ఒకరు, నీలంరంగు లాపిస్ లజులీ అని ఇంకొకరు చెబుతున్నారు, ఏది నిజమని అడిగారు. ముగ్గురూ నిజమే చెప్పారు, కాకపోతే ఒక్కొక్కరిదీ ఒక్కో కాలం. మీరు నగల కొట్టుకి బయల్దేరుతుంటే మాత్రం జవాబు ఒకటే: క్రైసోబెరిల్ జాతి పిల్లికన్ను. పేరులో బెరిల్ ఉన్నా అది వేరే ఖనిజం. ఇంకేది చూపించినా లేచి వచ్చేయండి.

మాది నర్సీపట్నం వైపు. గొలుగొండ, కరక పేర్లు రంగురాళ్ల దొంగ తవ్వకాల వార్తల్లో మీరూ చదివే ఉంటారు. పిల్లికన్ను, అలెగ్జాండ్రైట్ రెండూ క్రైసోబెరిల్లే, రెండూ మా కొండల్లో ఉన్నాయి. రాత్రిపూట గోతుల్లో దిగి, మట్టిపెళ్లలు విరిగిపడి పోయేది కూలివాడు. ఆ రాయికి పేరూ, ధరా పెట్టేది ఎక్కడో కూర్చున్న వ్యాపారి. సరే, ఆ కడుపుమంట ఇప్పుడొద్దు.

మా పిన్ని కొడుక్కి కేతు దశ అన్నారు. వైడూర్యం పెట్టించమన్నారు. చెప్పిన జ్యోతిష్కుడే కొట్టు పేరూ చెప్పాడు, అది వేరే కథ. పిన్ని విశాఖలో ఆ కొట్టుకెళ్లి రాయి కొని, ఉంగరం చేయించేముందు మావయ్యకి చూపిద్దామని మా ఇంటికి తెచ్చింది. మావయ్య ఒకప్పుడు రంగురాళ్ల బేరాలు చేసినవాడు. రాయిని బల్ల మీద పెట్టి, పక్కనుంచి టార్చి కొట్టాడు. మధ్యన తెల్లటి గీత కనిపించింది. పిన్ని మొహం వెలిగిపోయింది. మావయ్య ఏమీ అనకుండా లోపలికెళ్లి, తన దగ్గర మిగిలిన చిన్న క్రైసోబెరిల్ పిల్లికన్నొకటి తెచ్చి అదే టార్చి కింద పెట్టాడు. దాంట్లో గీత పదునుగా ఉంది. గీతకి వెలుతురు వైపు సగం తేనెరంగు, అవతలి సగం పాలరంగు. రాయిని తిప్పితే రంగులు అటూ ఇటూ మారాయి.

తర్వాత రెంటినీ కాటా మీద పెట్టాడు. సైజు దాదాపు ఒకటే గానీ, పిన్ని రాయి బాగా తేలిక. క్రైసోబెరిల్ సాంద్రత 3.7 దగ్గర ఉంటుంది, మామూలు ఖనిజమైన క్వార్ట్జ్‌ది 2.65. "అమ్మలూ, ఇది రాయే. ఆ రాయి మాత్రం కాదు" అన్నాడు.

కొట్టువాడిచ్చిన ల్యాబ్ కార్డు నేను చదివాను. అందులో 'క్వార్ట్జ్ క్యాట్స్ ఐ' అని శుభ్రంగా రాసుంది. బిల్లు మీద 'వైడూర్యం'. అబద్ధం ఆడకుండానే మోసం చేయడమంటే ఇదీ! సన్నగా ఉన్న బియ్యానికల్లా సోనా మసూరి అని పేరు పెట్టినట్టు, గీత కనిపించిన రాయల్లా వైడూర్యమే. అంతర్జాతీయ రత్న వ్యాపారంలో ఊరికే 'క్యాట్స్ ఐ' అంటే క్రైసోబెరిలే. మిగతావాటికి ఆ ఖనిజం పేరు ముందు చేర్చాలి. మన తెలుగు బిల్లులకి ఆ పట్టింపు లేదు. అసలు 'వైఢూర్యం' అని ఒత్తు పెట్టి బోర్డులు రాయించుకునేవాళ్లకి రాయి సంగతి ఏం పట్టింది?

ఇక పేరు. విదూరంలో పుట్టింది వైడూర్యమని పాణిని సూత్రం. దాని మీద పతంజలి మహాభాష్యంలో భలే చర్చ ఉంది. రాయి పుట్టేది వాలవాయ పర్వతంలో, విదూరంలో జరిగేది చెక్కడమే కదా అని ఆక్షేపణ. వర్తకులు వారణాసిని 'జిత్వరి' అని పిలుచుకున్నట్టే వ్యాకర్తలు వాలవాయాన్ని విదూరం అన్నారని ఒక సమాధానం. అంటే ఆనాడే ఈ పేరుతో తగాదా ఉందన్నమాట. ప్రాకృతంలో ఇది 'వేలురియ', గ్రీకుల దగ్గర 'బేరుల్లోస్', ఇంగ్లీషులో 'బెరిల్'. కళ్లద్దాలకి జర్మన్లు వాడే 'బ్రిలె' కూడా అక్కణ్ణుంచి వచ్చిందే. బెరీలియం మూలకం పేరూ అంతే. కాబట్టి పాత గ్రంథాల్లో వైడూర్యం చాలాచోట్ల బెరిలే అయ్యుంటుందని నా గట్టి నమ్మకం. బౌద్ధంలో వైడూర్యప్రభుడు, అంటే వైద్య బుద్ధుడు, నీలంగా ఉంటాడు గనక అనువాదకులు లాపిస్ అని రాశారు. నవరత్నాల్లో కేతువు వాటాకి వచ్చిన వైడూర్యం మాత్రం పిల్లికన్నే. అందులో గీత రావడానికి కారణం కేతువు కాదు, రాయి లోపల ఒకే వరసలో పేరుకున్న సన్నని సూదులూ గొట్టాలూ.

పిన్ని అడిగిన ప్రశ్న ఒకటుంది: "క్వార్ట్జ్ అయితే కేతువుకి తెలుస్తుందంటావా అన్నయ్యా?" మావయ్య కాటా మూసేస్తూ, "కేతువు సంగతేమో గానీ, రేపు అమ్మబోతే కొనేవాడికి తెలుస్తాది" అన్నాడు. ఆమె మర్నాడే తిరిగిచ్చేయడానికి వెళ్లింది. వాపసు లేదన్నారు, కావాలంటే అదే ధరకి గోమేధికం ఇస్తామన్నారట. మీరు కొనేటప్పుడు బిల్లు మీద 'క్రైసోబెరిల్' అని రాసి సంతకం పెట్టమనండి. రాయనంటే బయటికి వచ్చేయండి.