రెండు స్థానాలు, నాలుగు చిత్రాలు: మీ సందేహానికి సమాధానం

నమస్కారమండి. మీ పది అభిమాన చిత్రాలలో ఎనిమిది ఖరారయ్యాయని, మిగిలిన రెండు స్థానాల కోసం ‘మాయాబజార్’, ‘శంకరాభరణం’, ‘శివ’, ‘ఆనంద్’ పోటీ పడుతున్నాయని, పాతవాటిని వదిలేస్తే నలుగురూ ఏమనుకుంటారోనని సంకోచంగా ఉందని రాశారు. ఆ సంకోచమే చిక్కంతటికీ మూలమని నా అభిప్రాయం.

కె.వి. రెడ్డి దర్శకత్వంలో 1957లో వచ్చిన ‘మాయాబజార్’కు, మార్కస్ బార్ట్‌లే ఛాయాగ్రహణానికి, ఎస్.వి. రంగారావు ఘటోత్కచుడికి మన జాబితాల పూచీ అక్కరలేదు. మీరు దానిని గౌరవిస్తున్నారా, ప్రేమిస్తున్నారా అన్నదే ఇక్కడ తేలవలసిన విషయం. మీ మాటల్లోనే, దానిని పూర్తిగా ఒక్కసారే చూశారు. శేఖర్ కమ్ముల 2004లో తీసిన ‘ఆనంద్’ మాత్రం టీవీలో సగం నుంచి కనబడినా చివరిదాకా లేవరు. మన హైదరాబాద్ మధ్యతరగతి ఇళ్ల వాతావరణాన్ని అంత తీరికగా చూపిన చిత్రాన్ని ‘చిన్న సినిమా’ అని పక్కన పెట్టడం అన్యాయం కూడా.

‘శంకరాభరణం’ విషయంలో మీరు తలచుకున్నవన్నీ కె.వి. మహదేవన్ బాణీలే, ఒక్క సన్నివేశమూ లేదు. కనుక అది మీ పాటల జాబితాకు చెందుతుంది. (నా జాబితాలో మాత్రం అది పైనే ఉంటుంది, అది వేరే సంగతి.) ఇక 1989 నాటి ‘శివ’ తెలుగు సినిమా నడకను మార్చిందన్న కారణంతో కాక, ఆ సైకిల్ చైను ఘట్టం నేటికీ మిమ్మల్ని కదిలిస్తోందని మీరే రాశారు కనుక, రెండవ స్థానం నిస్సంకోచంగా దానికే ఇవ్వండి.