డైనోసార్‌ని తాడుతో కొలుద్దాం

ప్రశ్న: మా ఆరేళ్ల బాబు డైనోసార్లు మనుషులతో కలిసి తిరిగేవనుకుంటున్నాడండీ. ఎలా చెప్పాలి?

జవాబు: కార్టూన్లు చూస్తే ఎవరైనా అలాగే అనుకుంటారు! ముందు సైజు చూపండి. పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటసారస్ అనే డైనోసార్ పొడవు సుమారు 9 మీటర్లు. మేడ మీద అంత తాడు పరిచి, పక్కనే బాబును పడుకోమనండి.

కాలానికి వేరే రంగు తాడు, 6.6 మీటర్లు. సెంటీమీటరుకు లక్ష ఏళ్లు. ఒక కొస పెద్ద డైనోసార్లు అంతరించిన 6.6 కోట్ల ఏళ్ల నాటిది, రెండోది ఈరోజు. మన మనుషుల జాతి వయసు చివరి 3 సెంటీమీటర్లే. అక్కడ స్కెచ్ పెన్‌తో రంగు వేయించండి. రెండిటికీ ఒకే తాడు వాడితే పిల్లలు పొడవూ కాలమూ కలగాపులగం చేసేస్తారు.

ఆ తర్వాత హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటసారస్ అస్థిపంజరం చూపండి. తల మాత్రం ఊహించి చేసిందే. పుర్రె దాదాపుగా దొరకలేదు.