మెడ ముట్టుకుంటే నొప్పి, గొంతులో మాత్రం ఏమీ లేదంటున్నారు

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్తే. మాది దేవరకొండ దగ్గర పల్లె. వయసు 38. ఇంట్లోనే మిషన్ పెట్టుకుని బ్లౌజులు కుడతాను. దసరా తర్వాత ఇంటిల్లిపాదికీ సర్ది, జ్వరం వచ్చి పోయాయి. నాకు తగ్గిన పదిహేను రోజులకు మెడ ముందువైపు కుడిపక్క నొప్పి మొదలైంది, గుటక వేస్తే చెవిలోకి, దవడలోకి లాగుతుంది. ఊళ్లో ఐదు రోజులు ఇంజెక్షన్లు వేయించుకున్నాను, రెండు రకాల యాంటీబయాటిక్స్ మింగాను, పంటి డాక్టరుకూ చూపించాను. పళ్లు బాగానే ఉన్నాయన్నారు. ఇప్పుడు నొప్పి ఎడమపక్కకు మారింది. సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడుతుంది, గుండె దడ, సూదిలో దారం ఎక్కించబోతే చెయ్యి వణుకుతోంది. కొలతల టేపు కూడా మెడలో వేసుకోలేకపోతున్నాను. మొన్న పరీక్షల్లో టీఎస్‌హెచ్ 0.02, ఈఎస్‌ఆర్ 78 వచ్చాయి. థైరాయిడ్ తగ్గించే మాత్ర రాసిచ్చారు, ఇక జీవితాంతం వాడాల్సిందే అంటుంది పక్కింటామె. మా అత్తమ్మేమో ఇదంతా ఫ్లోరైడ్ నీళ్ల వల్లే అంటుంది. నాకు క్యాన్సర్ అని భయంగా ఉంది.

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది ఆ టేపు మాట. గొంతు లోపల పుండైతే మింగితే నొప్పి పుడుతుంది గానీ పైన టేపు ఆనితే ప్రాణం విలవిల్లాడదు. పుస్తెలతాడు బరువు కూడా ఓర్చుకోలేకపోతున్నాం అని చెప్పేవాళ్లు నాకు తరచూ కనిపిస్తారు, వాళ్లలో చాలామందికి గొంతులో టార్చి వేసి చూస్తే ఏమీ ఉండదు, ఎందుకంటే నొప్పి గొంతుది కాదు, దాని ముందు సీతాకోకచిలుకలా అతుక్కుని ఉండే థైరాయిడ్ గ్రంథిది. వైరస్ జ్వరం తగ్గిన కొన్ని వారాలకు ఆ గ్రంథి వాయడాన్ని సబ్‌అక్యూట్ థైరాయిడైటిస్ అంటారు. స్విట్జర్లాండ్ సర్జన్ ఫ్రిట్జ్ డి కెర్వాన్ 1904లోనే దీన్ని వివరించారు కాబట్టి ఆయన పేరుతోనూ పిలుస్తారు. (కుట్టుపని చేసేవాళ్లకు బొటనవేలి మొదట్లో, మణికట్టు దగ్గర వచ్చే నొప్పికీ ఆయన పేరే ఉంది. మీకు అది రాకూడదనే కోరుకుంటాను.) ముప్పై నుంచి యాభై ఏళ్ల ఆడవాళ్లలో ఎక్కువ. నొప్పి ఒక పక్క మొదలై రెండో పక్కకు పాకడం, చెవికీ దవడకూ లాగడం, ఒంట్లో వాపును పట్టించే ఈఎస్‌ఆర్ 50 దాటడం, రక్తంలో థైరాయిడ్ హార్మోన్ ఎక్కువైతే పడిపోయే టీఎస్‌హెచ్ అట్టడుక్కి పోవడం, అన్నీ దీనికే సరిపోతున్నాయి. ఉత్తరం చూసి నేను ముద్ర వేయలేను, మెడ పట్టి చూడాలి, స్కాన్ అవసరమా అన్నది అప్పుడు తేలుతుంది.

ఇక ఆ మాత్ర సంగతి. నాకు అసలు చిరాకు కలిగించేది ఇదే. రిపోర్టులో టీఎస్‌హెచ్ తగ్గిందనగానే థైరాయిడ్ ఎక్కువైందని కార్బిమజోల్ లాంటివి మొదలుపెట్టేస్తారు. ఆ మందు గ్రంథి కొత్తగా హార్మోన్ తయారు చేయకుండా ఆపుతుంది. మీలాంటి వాళ్లలో తయారీ ఎక్కువ కాలేదు, వాచిన గ్రంథి లోపల దాచుకున్న సరుకు రక్తంలోకి కారిపోతోంది, దడా వణుకూ అందుకే. కుండకు చిల్లి పడి నీళ్లు కారుతుంటే నల్లా కట్టేస్తే ఏం లాభం? రాసిచ్చిన డాక్టరు దగ్గరికే రిపోర్టులతో వెళ్లి, మెడ ముట్టుకుంటే నొప్పి ఉందని, అంతకుముందు వైరస్ జ్వరం వచ్చిందని గట్టిగా చెప్పండి. చాలాసార్లు ఆ ఒక్క ముక్క చెప్పకపోవడం వల్లే తప్పు మందు పడుతుంది. వాళ్ల దగ్గర తేలకపోతే ఎండోక్రైనాలజిస్టుకు, అంటే హార్మోన్ల డాక్టరుకు చూపించండి.

దీనికి వాడేది మామూలు వాపు తగ్గించే మాత్రలే, ఐబుప్రోఫెన్, నాప్రోక్సెన్ లాంటివి, అవి కూడా కడుపులో పుండు, కిడ్నీ జబ్బు లేవని చూసుకుని. వాటికి లొంగకపోతే ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ ఇస్తారు, అది పడితే ఒకటి రెండు రోజుల్లోనే నొప్పి ఎవరో చేత్తో తీసేసినట్టు పోతుంది, అలా పోకపోతే ఇది వేరే ఏదో అని మేమే మళ్లీ మొదటికొస్తాం. హాయిగా ఉంది కదా అని మధ్యలో ఆపేస్తే నొప్పి తిరగబెడుతుంది, కొన్ని వారాల మీద మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. షుగర్ ఉన్నవాళ్లకు ఈ మందుతో షుగర్ పెరుగుతుంది, ముందే చెప్పాలి. దడకు ప్రొప్రనొలోల్ ఇస్తారు, ఆస్తమా ఉంటే అది వద్దు. యాంటీబయాటిక్స్‌కు ఇక్కడ పనే లేదు.

కొన్ని వారాల తర్వాత కథ తిరగబడొచ్చు. దాచిన సరుకంతా అయిపోయి గ్రంథి ఖాళీ అవుతుంది, అప్పుడు నీరసం, మలబద్ధకం, చలి, టీఎస్‌హెచ్ ఈసారి పైకి పోతుంది. అదీ చాలామందిలో ఏడాదిలోపు సర్దుకుంటుంది. వందలో 5 నుంచి 15 మందికి మాత్రమే థైరాక్సిన్ మాత్ర, అంటే గ్రంథి చేయలేని హార్మోన్‌ను బయటి నుంచి ఇచ్చేది, శాశ్వతంగా అవసరమవుతుంది, కాబట్టి మీ పక్కింటామె తీర్పు ఇప్పుడే ఒప్పుకోకండి. నెలా నెలన్నరకోసారి టీఎస్‌హెచ్ చూపించుకుంటూ ఉండండి. ప్రభుత్వ ఆసుపత్రిలో రాయించుకుంటే తెలంగాణ డయాగ్నొస్టిక్స్‌లో థైరాయిడ్ పరీక్షకు డబ్బులు అడగరు.

మీ అత్తమ్మ మాట కొట్టిపారేయను. మర్రిగూడ, మునుగోడు వైపు నడుములు వంగిపోయిన మనుషులను చూసిన జిల్లాలో మెడ నొప్పి అనగానే ఫ్లోరైడ్ గుర్తుకు రావడం సహజం. కానీ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పట్టేది ఎముకలను, మెడ వెనకభాగం బిగుసుకుపోయి తల తిప్పలేరు. సర్ది తగ్గిన పదిహేను రోజులకు మెడ ముందు పుట్టే నొప్పి దాని పని కాదు. క్యాన్సర్ గడ్డ కూడా మామూలుగా ఇలా పక్కలు మారుతూ నొప్పి పెట్టదు. నొప్పంతా తగ్గాక కూడా గడ్డలా చేతికి తగిలితే మాత్రం అల్ట్రాసౌండ్ చేయించండి.

ఒకటి మాత్రం మర్చిపోకండి. నోరు తెరుచుకోకపోయినా, ఉమ్మి మింగలేక కారిపోతున్నా, మాట నోట్లో ముద్ద పెట్టుకున్నట్టు వస్తున్నా, ఊపిరి పీలుస్తుంటే గీమన్నా, జ్వరంతో మెడ ఒక పక్క ఎర్రగా ఉబ్బినా అది థైరాయిడ్ కాదు, గొంతు పక్కన చీము పట్టి ఉండొచ్చు. రాత్రైనా సరే తెల్లారేదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చేసి నల్గొండ పెద్దాసుపత్రికి వెళ్లండి.

ప్రశ్న: మాది జడ్చర్ల. మా బాబుకు ఆరేళ్లు. సర్ది, దగ్గు తగ్గి మూడు వారాలైనా మెడ పక్కన శనగగింజంత బిళ్ల పోవడం లేదు. ఆడుతున్నాడు, తింటున్నాడు. టీబీ అంటున్నారు మా వాళ్లు.

జవాబు: తింటున్నాడు, ఆడుతున్నాడు అన్నారు, సగం జవాబు అందులోనే ఉంది. గొంతులోకి వచ్చిన వైరస్‌తో పోరాడేవి ఆ బిళ్లలే, జ్వరం పోయినా అవి చిన్నబడడానికి వారాలు పడుతుంది. మెత్తగా ఉండి, వేలి కింద జారుతూ, సెంటీమీటరు లోపు ఉంటే వదిలేయండి. రెండు సెంటీమీటర్లు దాటినా, నెలన్నరకూ తగ్గకుండా పెరుగుతున్నా, రాయిలా గట్టిగా కదలకుండా ఉన్నా, కాలర్ ఎముక పైన వచ్చినా, సాయంత్రం జ్వరాలు, బరువు తగ్గడం ఉన్నా పిల్లల డాక్టరుకు చూపించాలి. ఇంట్లో ఎవరికైనా టీబీ ఉంటే ఈ నెలన్నర కూడా ఆగకండి. అప్పుడు సన్న సూదితో కాస్త తీసి పరీక్ష చేస్తారు, అది కోత కాదు, పిల్లాడు తట్టుకుంటాడు. ఆముదం రాసి రుద్దడం, కాపడం పెట్టడం వద్దు. ఇంటికొచ్చిన చుట్టాలంతా వరసపెట్టి దాన్ని నొక్కి చూడడం అసలే వద్దు, నొక్కుతూ ఉంటే ఉన్నది ఇంకా వాస్తుంది. ఆదివారం ఒక్కసారి మీరే చూసి, ఎంతుందో క్యాలెండర్ మీద రాసి పెట్టుకోండి.