వాయిస్ టైపింగ్ ఒప్పుకుంటే ఉచ్చారణ సరైనట్టేనా?

ప్రశ్న: ఇంటర్వ్యూల కోసం ఫోన్‌లో వాయిస్ టైపింగ్ పెట్టుకుని ఇంగ్లిష్ సాధన చేస్తున్నాను. వాక్యాలు తప్పుల్లేకుండా పడుతున్నాయి. కానీ చొక్కా లోపల వేసుకునే ‘వెస్ట్’ అని విడిగా అంటే పడమర ‘వెస్ట్’ పడుతోంది. మైకులో లోపమా?
– ఓ విద్యార్థి, బ్రాడీపేట, గుంటూరు

మైకు బాగానే ఉంది. వాయిస్ టైపింగ్ పక్క మాటల్ని చూసి ఊహించి రాస్తుంది. సూర్యాస్తమయం గురించి చెబుతుంటే మీరెలా పలికినా పడమరే వేస్తుంది. కాబట్టి వాక్యం సరిగ్గా పడింది కదా అని మురిసిపోకండి, ఒక్కో మాటే చెప్పి చూడండి. జీబోర్డ్‌లో (గూగుల్ కీబోర్డ్) గేర్ గుర్తు నొక్కి లాంగ్వేజెస్, యాడ్ కీబోర్డ్ ద్వారా యూఎస్ ఇంగ్లిష్ చేర్చుకోండి. స్పేస్ బార్ నొక్కిపట్టి దానికి మారాకే మైకు నొక్కండి. ఇండియా ఇంగ్లిష్‌లో ఉంటే మన యాసను చాలావరకు సర్దుకుపోతుంది. మెసేజ్‌లకు అది సుఖమే, సాధనకు పనికిరాదు.

అసలు చిక్కు మన ‘వ’తో. ఇంగ్లిష్‌లో వి, డబ్ల్యూ రెండింటికీ మనం దాన్నే వాడేస్తాం. ‘వి’కి పై పళ్లు కింది పెదవిని తాకాలి, గొంతు మోగాలి. డబ్ల్యూకి పళ్లతో పనిలేదు. ‘ఉ’ అనబోతున్నట్టు పెదాలు గుండ్రంగా చుట్టి, పడమర ‘వెస్ట్’లో అయితే వెంటనే ‘ఎ’లోకి జారాలి. సెల్ఫీ కెమెరాలో వీడియో తీసుకుని చూడండి: ‘వి’ దగ్గర పై పళ్ల అంచు కనబడకపోతే తప్పు పలికినట్టే. చెవి మోసపోతుంది గానీ వీడియో మోసపోదు.

తర్వాత కేంబ్రిడ్జ్ డిక్షనరీలో స్పీకర్ గుర్తు నొక్కి విని, వెంటనే మీ గొంతు రికార్డు చేసి రెండూ వరసగా వినండి. మాట చివర ‘బస్సు’లోలా ‘ఉ’ తగులుతోందా అన్నదీ అక్కడే బయటపడుతుంది.

ప్రశ్న: డిక్షనరీలో యూకే, యూఎస్ అని రెండు ఉచ్చారణలున్నాయి. ఏది నేర్చుకోవాలి?
– ఓ గృహిణి, పటమట, విజయవాడ

ఏదైనా ఫర్వాలేదండీ, ఒకటే పట్టుకోండి. ‘షెడ్యూల్’, ‘స్కెజూల్’ రెండూ ఒప్పే. అంతకన్నా ముఖ్యం ఉచ్చారణ గుర్తుల మధ్య పైన కనిపించే చిన్న నిలువు గీత. దాని తర్వాతి అక్షరాన్నే ఒత్తి పలకాలి. ‘డెవలప్’లో మనవాళ్లు ‘డె’ మీద బరువు వేస్తారు. గీత మాత్రం రెండో భాగం ముందుంటుంది: డి-వె-లప్. ‘హోటల్’లోనూ అంతే, ఒత్తు ‘టెల్’ మీద.