జైసల్మేర్ ఇసుకలో పాటల పండగకు పోతాండే పాపకు

పాపా,

జైసల్మేర్ ఎడారి ఉత్సవానికి నువ్వూ నీ ఫ్రెండ్సూ పోతాండారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. వాయిస్ మెసేజ్ పెడితే నువ్వు సగం విని వదిలేస్తావు కాబట్టి కూర్చోని టైప్ చేస్తాండా, ఓపిగ్గా చదువు. మీ పెద్దనాయన ఎయిర్‌ఫోర్స్‌లో ఉన్నప్పుడు ఆ ఊర్లోనే క్వార్టర్స్‌లో ఉన్నాం కదా, ఇంటికొచ్చిన చుట్టాలందర్నీ ఆ ఉత్సవానికి తిప్పింది నేనే, ఎవరు ఎట్ల జబ్బు పడతారో ఎవరు ఏం మర్చిపోతారో నాకు బాగా తెలుసు.

నువ్వు సర్దిన బ్యాగు ఫోటో మీ అమ్మ నాకు పంపింది. సన్‌స్క్రీన్ ఉండాది, టోపీలు ఉండాయి, పల్చటి కాటన్ కుర్తాలు ఉండాయి, స్వెట్టర్ మాత్రం ఒక్కటీ లేదు. ఏప్రిల్ ఎండలో స్కూటీ మీద అనంతపురం అంతా తిరిగే దానివి, ఆ ఊరి మాఘమాసం ఎండ నీకు ఒక లెక్కనా? ఎడారి అంటే ఎండ అనుకుని పోతారు మనోళ్ళు, పడగొట్టేది మాత్రం చలి. పగలు పాతిక డిగ్రీల దాకా హాయిగా ఉంటాది, పొద్దు గుంకినాక చూడు, గంటా రెండు గంటల్లో ఇసుక ఐసు మాదిరి అయిపోతాది, తెల్లార్జామున ఆరేడు డిగ్రీలకు దిగే రోజులు కూడా ఉంటాయి. గాల్లో తేమ ఉండదు, పైన మబ్బు ఉండదు, ఇసుకలో తడి ఉండదు, పగలు పట్టిన వేడి నిలబడేదానికి ఏ ఆధారమూ లేదు, అంతా ఆకాశంలోకి పోతాది. పాటలు కూడా అప్పుడే మొదలవుతాయి, అదీ తిప్పలు.

అందుకని లోపల ఒంటికి అతుక్కునే థర్మల్, దానిపైన ఫుల్ చేతుల బట్ట, దానిపైన స్వెట్టర్, అన్నిటికీ పైన గాలి ఆపే జాకెట్, ఇట్ల పొరలు పొరలుగా ఏస్కో. ఒక్క లావు కోటు ఏస్కుంటే మధ్యాన్నం మోయలేవు, రాత్రికి చాలదు. మీ అవ్వ ఇంట్లో నల్ల కంబళి ఉండాది కదా, గుచ్చుకుంటాదని నువ్వు చిన్నప్పుడు ఏడ్చేదానివి, అది తీసుకుపో. సిగ్గు పడొద్దు, ఇసుక మీద పరుచుకుంటే కింద చలి రాదు, కప్పుకుంటే పైన చలి రాదు, ఆన్‌లైన్లో కొనే ఏ బ్లాంకెట్టూ దానికి సాటి రాదు. చెవులకు మంకీ క్యాప్ పెట్టుకో, ఫోటోలో బాగుండదు అంటే ఫోటో తీసేటప్పుడు తీసి మళ్ళా పెట్టుకో.

చెప్పుల సంగతి. ఇసుకలో నడవడం అంటే ఏందో పోకముందే చూస్కోవాలంటే రాజస్థాన్ దాకా అక్కర్లేదు, మన జిల్లాలోనే బొమ్మనహాళ్ మండలం దర్గా హొన్నూరు పక్క వేదవతి ఏటి ఇసుక గాలికి కొట్టుకొచ్చి పొలాల్లో దిబ్బలు పడి ఉండాయి, ఒక ఆదివారం మీరంతా కలిసి పోయి నువ్వు ఏస్కోబోయే షూస్‌తోనే ఒక గంట ఎక్కి దిగండి. కాలి పిక్కలు ఎంత లాగుతాయో, షూలో ఇసుక ఎట్ల దూరి వేళ్ళ సందుల్లో బొబ్బ లేపుతాదో అర్థమైపోతాది. నా మాట అయితే మడమ పైదాకా వచ్చే షూ, లోపల మందం సాక్సు, బ్యాగులో ఇంకో జత సాక్సు. పగలు పట్టీ చెప్పులు చాలు. ఇంకోటి, ఆ పక్క భురట్ అని ఒక గడ్డి ఉంటాది, దాని గింజలకు సన్నటి ముళ్ళు, చున్నీకీ సాక్సుకీ పట్టుకుంటే వేళ్ళతో పీకొద్దు, అవి వేళ్ళకు దిగుతాయి, చిన్న ట్వీజర్ దగ్గర పెట్టుకో.

ఉత్సవం తారీఖులు మాఘ పౌర్ణమిని బట్టి పెడతారు, కాబట్టి ప్రతి ఏడూ జనవరి ఫిబ్రవరి మధ్య మారుతూ ఉంటాయి, టూరిజం వాళ్ళ ప్రోగ్రాం చూసినాకనే టికెట్లు చేస్కో. మనకు జోధ్‌పూర్ దాకా పోయి అక్కడ్నుంచి జైసల్మేర్ రైలు ఎక్కడమే సుఖం. మొదట్లో ఊరేగింపూ, మీసాల పోటీ, తలపాగా కట్టే పోటీ అన్నీ ఊర్లో జరుగుతాయి, అవి సరదాగా చూసేయ్, పెద్దగా చెప్పేదేం లేదు. ఆఖరి రోజు మాత్రం ఊరికి నలభై కిలోమీటర్ల దూరంలో సమ్ ఇసుక దిబ్బల దగ్గర ఉంటాది, అసలు జాగ్రత్త ఆడ కావాల. ప్రోగ్రాం అయిపోయినాక అందరూ ఒకేసారి వెనక్కి బయలుదేర్తారు, ఒకటే రోడ్డు, జీపులోళ్ళు చెప్పిందే రేటు. పొద్దున్నే జీపు మాట్లాడేటప్పుడే వెనక్కి తెచ్చే మాట కూడా మాట్లాడి డ్రైవర్ నంబర్ రాసి పెట్టుకో, లేదా ఆ రాత్రి ఆడే టెంట్లో పడుకోండి. టెంట్ అడిగేటప్పుడు క్యాంప్ ఫైర్ ఉందా డాన్స్ ఉందా అని అడగొద్దు, అవి అన్నిచోట్లా ఉంటాయి, బాత్రూం టెంట్‌లోనే ఉందా, పొద్దున వేడినీళ్ళు బకెట్టా గీజరా, మనిషికి రజాయిలు, అంటే దూది దుప్పట్లు, ఎన్ని ఇస్తారు, ఇవి అడుగు. మీరంతా ఆడపిల్లలు కాబట్టి మెయిన్ రోడ్డుకు దగ్గరగా, ఫ్యామిలీలు దిగే చోటే తీసుకోండి. ప్యాడ్స్, టిష్యూలు ఇక్కడే కొనుక్కో, దిబ్బల మధ్య అంగడి ఉండదు.

పాటల గురించి ఒక మాట చెప్పాలి పాపా, నువ్వు పెద్ద స్టేజి, లైట్లు, స్పీకర్లు చూసి అదే అసలు ప్రోగ్రాం అనుకుంటావేమో. మాంగణియార్లు అని ఉంటారు, ముస్లింలు, తరతరాలుగా రాజపుత్రుల ఇండ్లల్లో పెండ్లికీ పురుడుకీ పాడేది వాళ్ళే, కృష్ణుడి మీద పాటలు కూడా వాళ్ళే పాడతారు. వాళ్ళ కమాయిచా అనే తీగల వాయిద్యం దగ్గరగా కూర్చోని చూడు, మామిడి చెక్కతో చేసిన గుండ్రటి బుర్ర, దాని మీద మేకతోలు, కమాను లాగితే మనిషి గొంతు బొంగురుపోయినట్టు వస్తాది శబ్దం. హమీరా అనే ఊరి సాకర్ ఖాన్ గారికి ఆ వాయిద్యానికే 2012లో పద్మశ్రీ వచ్చింది. ఇంకొకాయన చేతుల్లో ఖడ్తాల్ చెక్కలు ఆడిస్తుంటే మన చెక్కభజన గుర్తొస్తాది, కాకపోతే వాళ్ళవాటికి గజ్జెలుండవు, ఉత్త చెక్కలే, ఆ స్పీడు చూస్తే నోట మాట రాదు. వీళ్ళు స్టేజి ఎక్కకముందు టెంట్ల దగ్గరా కోట మెట్ల దగ్గరా చిన్నగా పాడుకుంటా ఉంటారు, ఆడ కూర్చో, ఊరికే రీల్ తీసి లేచిపోవద్దు, చేతిలో యాభయ్యో వందో పెట్టు.

పెద్ద స్పీకర్ల ముందు మాత్రం నిలబడొద్దు. 100 డెసిబుల్స్ మోత దగ్గర పావుగంట దాటితేనే చెవికి చెరుపు అంటారు, స్టేజి ముందు అంతకన్నా ఎక్కువే ఉంటాది, మెడికల్ షాపులో స్పాంజి ఇయర్ ప్లగ్గులు చవగ్గా దొరుకుతాయి, కొని పెట్టుకో.

చలిగా ఉందని నీళ్ళు తాగడం మర్చిపోతారు అందరూ, గాలి పొడి కాబట్టి చెమట పట్టినట్టు కూడా తెలీదు, మూడు లీటర్లన్నా లోపలికి పోవాల. ఓఆర్ఎస్ ప్యాకెట్లు లేకపోతే లీటరు నీళ్ళకు ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, అంతే. ఆ పక్క బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, బాటిల్ నీళ్ళే తాగు, తల స్నానం చేయొద్దు, నూనె పెట్టి గట్టిగా జడేసుకో. ముక్కు లోపల ఎండి రక్తం వస్తాది కొందరికి, పడుకునేముందు కొంచెం వాజలిన్ రాయి. కాంటాక్ట్ లెన్సులు ఇంట్లో పెట్టి కళ్ళజోడుతో పో. తిండికి బాధ లేదు, వాళ్ళ బాజ్రా రొట్టె మన సజ్జరొట్టెనే, కేర్ సాంగ్రి అని ఎడారి చెట్ల కాయల కూర తప్పక తిను, అయినా బొరుగులూ చెనిక్కాయల పొడీ ఒక డబ్బా పెట్టుకో, అర్ధరాత్రి ఆకలైతే అదే గతి. కోట దగ్గర లైసెన్సు ఉన్న భంగ్ (గంజాయి ఆకు నూరి చేసే మత్తు) అంగడి ఉండాది, లస్సీ అనగానే ఎగబడి తాగొద్దు, ఏం కలిపినారో అడిగి తాగు. చలికి మందు వేడి పుట్టిస్తాదని ఎవరన్నా చెప్తే నమ్మొద్దు, చర్మం వెచ్చగా అనిపిస్తాది గానీ ఒంట్లో వేడి ఇంకా తొందరగా పోతాది.

ఒంటె ఎక్కితే అది వెనక కాళ్ళ మీద ముందు లేస్తాది, నువ్వు ముందుకు బోర్లా పడతావు, కాబట్టి లేచేటప్పుడూ కూర్చునేటప్పుడూ వెనక్కి వాలి జీను గట్టిగా పట్టుకో. ఫోన్ జిప్ కవర్లో పెట్టు, ఛార్జింగ్ పెట్టే బొక్కలో ఇసుక దూరితే అంతే సంగతులు, పవర్ బ్యాంక్ జాకెట్ లోపలి జేబులో ఉంచు, చలికి బ్యాటరీ దిగిపోతాది. జనం ఎక్కువైతే సిగ్నల్ ఉండదు, ఫోన్ పే పని చేయదు, పదులూ యాభైలూ వందలూ నోట్లు దగ్గర పెట్టుకో, విడిపోతే యాడ కలవాలో ముందే అనుకోండి, నంబర్లు కాగితం మీద రాసుకోండి. ఆధార్ కార్డు మర్చిపోవద్దు, బార్డర్ జిల్లా అది.

టెంటోడికి అడ్వాన్సు కొట్టేముందు నాకు ఫోన్ చెయ్యి, హిందీలో నేను మాట్లాడతా.

మీ పెద్దమ్మ